క్రీడాగురువు రహీము

సాయంకాలము బడి విడువగానే పిల్లలు మైదానమునకు పరుగెత్తుట ఏ యూరనైనను కానవచ్చు దృశ్యమే. బంతి యొకటి దొరికినచో చాలును, ఇరువదిమంది బాలురును దాని చుట్టు మూగుదురు. ఎవని కాలికి బంతి చిక్కునో వాడు దానిని విడువడు. తక్కినవారు వాని వెంటబడుదురు. దుమ్ము లేచును, మోకాళ్లు దోకుకొనిపోవును, గోలు మాత్రము పడదు. ఈ గుంపాటను చూచి నవ్వుకొని పోవువారే లోకమున నెక్కువ. దానిని చూచి, బాలురకు ఆటను మొదటినుండి ఎట్లు నేర్పవలెనో ఆలోచించిన ఉపాధ్యాయుడొకడు హైదరాబాదు నగరమున నుండెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీము. భారతదేశపు కాలిబంతి జట్టు ఆసియా క్రీడలలో గెలిచిన రెండు స్వర్ణపతకములును ఆయన శిక్షణలో గెలిచినవే.

రహీము 1909వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించెను. ఆనాడు నగరము నిజాము ప్రభువుల పాలనలో నుండెను. చెంతనే యున్న సికిందరాబాదు దండులో ఆంగ్ల సైనికులు కాలిబంతి ఆడుచుండిరి. వారిని చూచి నగరపు బాలురును ఆ యాటను నేర్చిరి. రహీము చదువునందును ఆటయందును సమానమైన ఆసక్తి గలవాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఆ విద్యాలయపు జట్టులో ఆడెను. పట్టభద్రుడైన పిమ్మట నగరమున పేరుపొందిన కమర్ క్లబ్బు పక్షమున ఆడెను. అయినను ఆయన జీవనమునకై ఎన్నుకొన్న వృత్తి ఉపాధ్యాయ వృత్తియే. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలో పాఠములు చెప్పెను. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను ఆటల బాధ్యత వహించెను.

పాఠశాలలలో ఆటల గంటకు గల గౌరవ మెంతటిదో ఎల్లరకు తెలిసినదే. పరీక్షలు దగ్గరపడినచో ముందుగా కోతకు గురియగునది ఆ గంటయే. పిల్లల చేతికి బంతి నిచ్చి, చెట్టునీడన కూర్చుండి, గంట కొట్టగానే బంతిని తిరిగి తీసికొనుటతో పని ముగిసినదని తలచు వారును కలరు. రహీము అట్టివాడు కాడు. లెక్కకు ఎక్కములెట్లో, భాషకు అక్షరములెట్లో, కాలిబంతికిని అట్టి ఓనమాలు కలవు. అవి బాల్యమున కాలికి పట్టుబడనిచో పెద్దయైన పిదప ఎంత బలమున్నను, ఎంత వేగమున్నను ఆటగాడు తడబడుచునే యుండును.

ఆ ఓనమాలు చూచుటకు మిక్కిలి స్వల్పమైనవి. పాదపు లోపలి ప్రక్క వెడల్పుగా నుండును. దానితో నెట్టిన బంతి నేలను ఒరసికొనుచు తిన్నగా పోవును. బొటనవ్రేలితో తన్నిన బంతి ఎటు పోవునో తన్నినవానికే తెలియదు. వచ్చుచున్న బంతికి పాదమును గట్టిగా అడ్డుపెట్టినచో అది గోడకు తగిలినట్లు ఎగిరిపోవును. బంతి తగులు క్షణమున పాదమును కొంచెము వెనుకకు తీసికొన్నచో, దోసిట పట్టిన గ్రుడ్డువలె అది అక్కడనే నిలుచును. బంతి కాలికి వచ్చుటకు ముందే తల యెత్తి తనవారెక్కడ నున్నారో చూచుకొనవలెను. బంతిని ఇచ్చిన పిదప నిలిచిపోక ఖాళీ చోటునకు పరుగెత్తవలెను. వీనిని చెప్పుట యెంత తేలికయో, పదేండ్ల బాలునిచే చేయించుట అంత కష్టము. బంతి దొరికినంతనే పిల్లవానికి లోకమంతయు మరపునకు వచ్చును. నలుగురిని తప్పించి తానే గోలు కొట్టవలెనని వాని కోరిక. పక్కనున్న మిత్రుడు చేతులెత్తి పిలుచుచున్నను వానికి వినబడదు.

ఇట్టి బాలుని గద్దించి మార్చవచ్చునా? కొందరు ఉపాధ్యాయులు అట్లే ప్రయత్నింతురు. గద్దించినంతసేపు వాడు బంతి నిచ్చును, వెన్ను త్రిప్పగానే మరల మొదటికి వచ్చును. రహీము త్రొక్కిన దారి వేరు. హైదరాబాదు కాలిబంతి సంఘమునకు కార్యదర్శిగా నుండి ఆయన బాలుర కొరకు క్రొత్త తరహా పోటీలను ఏర్పాటు చేసెను. ఒక పోటీలో బంతిని కాలితో నడిపించుకొని పోవుట, అనగా డ్రిబ్లింగు, నిషిద్ధము. బంతి అందినవెంటనే దానిని మరియొకనికి అందింపవలెను. ఈ నియమము గల ఆటలో తల వంచుకొని ఆడువాడు నిలువలేడు. బంతి రాకముందే చూపు నలుదిక్కుల పోవలెను. బంతి లేనివాడును ఊరక నిలువక మిత్రునకు అందుబాటులో నుండవలెను. గురువు ఒక్క మాటయైన చెప్పకుండనే నియమము పాఠము చెప్పెడిది.

మరియొక పోటీలో బలము తక్కువైన పాదముతో మాత్రమే ఆడవలెను. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను బంతిని కొట్టవలెను. మొదటి దినమున ఈ యాట నవ్వులాటగా నుండును. పెద్ద ఆటగాడని పేరుపొందిన బాలుడు బంతిని తప్పి గాలిని తన్నును. కొన్ని వారములు గడచునప్పటికి మందమైన కాలునకు ప్రాణము వచ్చును. దీని ప్రయోజన మెట్టిదో కొంచెము ఆలోచించిన తెలియగలదు. ఒంటికాలి ఆటగాడు ఎడమవైపున వచ్చిన బంతిని కుడికాలికి మార్చుకొనవలెను. ఆ మార్పునకు పట్టు అరక్షణములోనే ప్రత్యర్థి మీదికి వచ్చును. రెండు కాళ్లును పనిచేయువానికి ఆ అరక్షణము మిగులును. కాలిబంతిలో అరక్షణము చాల పెద్ద కాలము.

మూడవ తరహా పోటీలు ఎత్తునకు సంబంధించినవి. నిర్ణీతమైన ఎత్తునకు మించిన బాలురు వానిలో ఆడరాదు. చిన్నపిల్లలను పెద్దవారితో కలిపి ఆడించినచో బలము గలవాడు తోసివేసి గెలుచును, నేర్పు గల చిన్నవాడు గట్టున కూర్చుండును. అట్లు కూర్చుండి విసిగి ఆటనే మానినవారెందరో! ఆనాడు మన పిల్లలలో అనేకులకు పుట్టినతేదీ కాగితముపై నుండెడిది కాదు. తండ్రి చెప్పినదే వయస్సు. ఎత్తును మాత్రము కొలకఱ్ఱతో ఎవరైనను కొలువవచ్చును, అందు బొంకుటకు వీలులేదు.

ఈ బాలురలో పెక్కుమంది బీదవారు. వారికి బూట్లు లేవు. గరుకు నేలపై వట్టికాళ్లతోనే ఆడుచుండిరి. అట్లాడుటవలన పాదమునకు బంతి స్పర్శ చక్కగా తెలియుననుట నిజమే. అందువలన అప్పటి మన దేశపు గొప్ప ఆటగాండ్రును వట్టికాళ్లతో ఆడుటయే యిష్టపడిరి. 1948లో లండను ఒలింపిక్సున ఫ్రాన్సుతో ఆడిన మన జట్టువారిలో అధికులు బూట్లు లేనివారే. ఆ యాటలో మనవారు రెండు గోళ్లకు ఒక గోలు తేడాతో ఓడినను ప్రేక్షకుల మెప్పు పొందిరి. ఆ మెప్పు మనలను కొంత మోసగించెనని చెప్పక తప్పదు. దాని ఫలితము నాలుగేండ్ల తరువాత బయటపడెను.

1950లో రహీము హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. మరణించువరకు, అనగా పదుమూడేండ్లు, ఆ పదవిని విడువలేదు. ఆ జట్టు ఆటగాండ్రు పోలీసు ఉద్యోగులు. ఆనాటి కాలిబంతికి రాజధాని కలకత్తా. అక్కడి గొప్ప జట్లకు ధనమును పేరును దండిగా నుండెను. వానికి ఎదురుగా హైదరాబాదు పోలీసులు నేలబారుగా, చిన్న చిన్న అందింపులతో, బంతిని నిలువనీయక ఆడిరి. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలిచిరి. ఢిల్లీలో జరుగు డ్యూరాండు కప్పును గూడ పలుమార్లు తెచ్చిరి. రహీము బాలురకు నేర్పినదేదో పెద్దలకును అదియే నేర్పెను. పాఠము పెద్దదైనది గాని మారలేదు.

1951 మార్చిలో మొట్టమొదటి ఆసియా క్రీడలు ఢిల్లీ నగరమున జరిగెను. రహీము శిక్షణలో శైలేన్ మన్నా నాయకత్వమున ఆడిన మన జట్టు, ఫైనలులో మేవాలాల్ కొట్టిన గోలుతో ఇరానును ఓడించి స్వర్ణము నందెను. దేశమంతయు సంతోషించెను. మరుసటి సంవత్సరము జూలైలో హెల్సింకి ఒలింపిక్సు వచ్చెను. చల్లని ఆ యుత్తరదేశమున మన ఆటగాండ్రు పలువురు వట్టికాళ్లతో యుగోస్లావియాను ఎదుర్కొనిరి. ఆ జట్టు మనపై పది గోళ్లు వేసెను, మనకు దక్కినది ఒక్కటి. ఇంత ఘోరమైన ఓటమి తరువాత శిక్షకుని పేరు మాసిపోవుట సహజము. కాని ఈ ఓటమి మేలే చేసెను. బూట్లు లేనిదే ఆడరాదని భారత కాలిబంతి సమాఖ్య నియమించెను. వట్టికాళ్ల యుగము ముగిసెను. రహీము తన ఆటగాండ్రను బూట్లకు అలవాటు చేయుటతో పాటు, వెనుక రక్షణను ఎట్లు బలపరుపవలెనో, దీర్ఘకాలము అలయక ఆడుటకు దేహమును ఎట్లు సిద్ధపరుపవలెనో క్రొత్తగా ఆలోచింపసాగెను. మన దేశమున నాడు జరుగు పోటీల కాలము తొంబది నిమిషములకు తక్కువ. విదేశములలో మనవారు చివరి అరగంటలో వాడిపోవుటకు అదియు నొక కారణము.

ఈ కాలముననే తులసీదాస్ బలరాము ఆయన దృష్టిలో పడెను. ఆ బాలుడు సికిందరాబాదు సమీపమున అమ్ముగూడలో పుట్టి పెరిగినవాడు, మిక్కిలి పేదయింటివాడు. వాని ఆటను చూచిన రహీము రాష్ట్రపు జట్టు శిక్షణకు రమ్మనెను. బలరామునకు రావలెననియే యున్నది. కాని అమ్ముగూడ నుండి నగరపు మైదానమునకు దినదినము వచ్చిపోవుటకు వానివద్ద డబ్బు లేదు. ఆ మాట వాడు దాచక చెప్పెను. రహీము వానికి సైకిలు అద్దెకు తీసికొనుటకు డబ్బు ఇచ్చెను. ప్రతిభ గల బాలుడు బీదవాడైనందున ఇంటనే మిగిలిపోవుట మన పల్లెలలో, పేటలలో ఎన్నిసార్లు జరుగునో లెక్కలేదు. ఆ సైకిలుపై వచ్చి పోయిన బలరాము హైదరాబాదు జట్టుతో సంతోషు ట్రోఫీని గెలిచి, ఇరువదేండ్ల వయస్సున ఒలింపిక్సునకు పోయెను.

ఆ ఒలింపిక్సు 1956లో ఆస్ట్రేలియా దేశపు మెల్బోర్ను నగరమున జరిగెను. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మవతరించి సరిగా నెల గడచినది. డిసెంబరు 1వ తేదీన మన జట్టు ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని వారి గడ్డమీదనే నాలుగు గోళ్లకు రెండుగా ఓడించెను. నెవిల్ డిసౌజా మూడు గోళ్లు కొట్టెను. ఆ జట్టున బలరాముతో బాటు అజీజుద్దీను, నూర్ మహమ్మదు, జుల్ఫికరుద్దీను మొదలగు హైదరాబాదు ఆటగాండ్రుండిరి. ఆ విజయముతో మన దేశము ఒలింపిక్సు కాలిబంతిలో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా దేశమయ్యెను. సెమీఫైనలులో ఎదుటనున్నది ఆ యుగోస్లావియాయే! మనవారే ముందుగా గోలు కొట్టిరి. తుదకు నాలుగింటికి ఒకటిగా ఓడిరి. పిదప బల్గేరియాతో ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. పదింటికి ఒకటి యెక్కడ, నాలుగింటికి ఒకటి యెక్కడ! నాలుగేండ్లలో ఎంత దూరము నడచిరో ఈ లెక్కయే చెప్పును.

1960లో రోమున మన జట్టు హంగేరీతో ఒక గోలు తేడాతో ఓడి, ఫ్రాన్సుతో సమముగా నిలిచి, పెరూతో ఓడి తిరిగి వచ్చెను. పతకము రాలేదు. రహీము కుమారుడు హకీము గూడ ఆ జట్టులో నుండెను.

ఆ పిమ్మట రెండేండ్లకు జకార్తాలో ఆసియా క్రీడలు జరిగెను. అప్పటికే రహీము ఆరోగ్యము చెడియుండెను. దేహమును క్యాన్సరు వ్యాధి తినివేయుచుండెను. అయినను ఆయన జట్టును విడువలేదు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను రెండు గోళ్లతో ఓడించెను. తరువాత థాయిలాండుపై గెలిచితిమి గాని, ఆ యాటలో రక్షణకు మూలస్తంభమైన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. పిదప జపానును ఓడించి సెమీఫైనలు చేరితిమి. గాయపడిన జర్నైలును ఆడింపవలెనా, మానిపింపవలెనా? మరియొక శిక్షకుడు మానిపించి యుండును. రహీము వానిని వెనుక నుండి తీసి ముందు వరుసలో నిలిపెను. తలతో బంతిని అడ్డుకొనవలసిన పని అక్కడ తక్కువ, దిట్టమైన దేహమునకు మాత్రము అక్కడను విలువ కలదు. జర్నైలు దక్షిణ వియత్నాముతో జరిగిన సెమీఫైనలులో ఒక గోలు కొట్టెను. మనవారు మూడింటికి రెండుగా గెలిచిరి. స్థానము మారినను ఆటగాడు తడబడలేదనగా, వానికి ఓనమాలు గట్టిగా వచ్చియుండెనన్నమాట.

ఫైనలునకు మరల దక్షిణ కొరియాయే ఎదురయ్యెను. ఈ లోపల మరియొక చిక్కు వచ్చిపడెను. ఇజ్రాయేలు, తైవాను దేశములవారిని ఇండొనేసియా ప్రభుత్వము క్రీడలకు రానీయలేదు. ఇది అన్యాయమని భారతీయ క్రీడాధికారి సోంధీ అభ్యంతరము చెప్పుటచే ఆ నగరప్రజలకు మనవారిపై కోపము కలిగెను. భారత రాయబార కార్యాలయముపై గుంపులు దాడి చేసెను. ఆటగాండ్రకు ఆ కలహముతో ఏ సంబంధము లేకున్నను కోపము వారిపైననే పడెను. ఇట్టి స్థితిలో ఫైనలునకు ముందు రహీము వారిని చేరబిలిచి, తనకొక కానుక కావలెననియు, అది స్వర్ణపతకమే యనియు కోరెనని ఆ జట్టువారు పలుమార్లు చెప్పిరి.

1962 సెప్టెంబరు 4వ తేదీన సెనయాను క్రీడాంగణమున లక్షమంది ప్రేక్షకులుండిరి. మన జాతీయగీతము పాడునప్పుడు సైతము వారు కేకలు వేసిరి. ఆ జనసముద్రమున మనవారిని ప్రోత్సహించినది పాకిస్తాను హాకీ ఆటగాండ్రని మనవారే తరువాత కృతజ్ఞతతో చెప్పుకొనిరి. జ్వరమునుండి కోలుకొన్న పొడగరి తంగరాజును రహీము గోలు కాయుటకు నిలిపెను. చునీ గోస్వామి జట్టు నాయకుడు. ఆట మొదలైన పదునేడవ నిమిషమున పి. కె. బెనర్జీ గోలు కొట్టెను. మరి మూడు నిమిషములకు తలకు కట్టుతో నున్న జర్నైలు రెండవ గోలు కొట్టెను. కొరియావారు చివర నొక గోలు వేసినను ఫలము లేకపోయెను. కేకలు వేయు లక్ష గొంతులు మూగపోయెను.

ఆ మరునాడు, సెప్టెంబరు 5వ తేదీ, రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణను జన్మదినము. ఆ దినమును ఉపాధ్యాయ దినోత్సవముగా దేశమున తొలిసారి జరుపుకొన్నది ఆ సంవత్సరముననే. కాచిగూడ బడిలో పాఠములు చెప్పిన ఉపాధ్యాయుడు అంతకు ముందు దినమే జకార్తాలో గెలిచియుండెను. ఈ సంగతిని నాడు ఎవ్వరును గుర్తించినట్లు కానరాదు.

రహీము ఆ విజయము తరువాత ఏడాదియైన జీవింపలేదు. 1963 జూన్ 11వ తేదీన కన్నుమూసెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదినాలుగేండ్లు నిండలేదు. ఆయన పోయిన పిదప హైదరాబాదు కాలిబంతి ప్రాభవము క్రమముగా తగ్గుచు వచ్చెను. కుమారుడు హకీము అంతర్జాతీయ పోటీలలో ఈల పట్టిన న్యాయనిర్ణేతయై, 2021లో మరణించెను. బలరాము 2023లో కాలధర్మము చెందెను. రహీము కథను 2024లో హిందీలో చలనచిత్రముగా తీసిరి. చాలకాలము ఆయన పేరు వినని నగరవాసులు గూడ అప్పుడు విని ఆశ్చర్యపడిరి.

జకార్తా తరువాత 2023 వరకు జరిగిన ఆసియా క్రీడలలో మన పురుషుల జట్టునకు కాలిబంతి స్వర్ణము మరల దక్కలేదు. 1970లో బాంకాకున కాంస్యము మాత్రము వచ్చెను. ఆనాడు జట్టునకు నాయకుడైన సయ్యద్ నయీముద్దీను హైదరాబాదువాడే.